ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి

ముప్పై తొమ్మిదేళ్లు వచ్చేదాకా నా ముఖం ఫొటోలో ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. ఫొటోలు లేక కాదు. ఇంట్లో రేకు పెట్టె నిండా ఉన్నాయి. అన్నీ నాటకాల ఫొటోలే. వాటిలో నెత్తికి జింకు పౌడరు రాసుకుని, బంకతో తెల్ల మీసం అంటించుకుని, కర్ర పట్టుకుని వంగి నిలబడినవాణ్ణి నేనే. ఇరవై ఐదో ఏట ఒకసారి మా ట్రూపులో తండ్రి వేషం వెయ్యాల్సినవాడికి జ్వరం వస్తే నేను వేశాను. జనానికి నచ్చింది. ఆ తర్వాత నాకు కొడుకు వేషం ఎవరూ ఇవ్వలేదు.

నేను గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేసేవాణ్ణి. పేల్చిన బొగ్గును తట్టకెత్తి, పట్టాల మీద నడిచే ఇనప టబ్బుల్లో నింపే పని. డ్యూటీ దిగి స్నానం చేశాక మిగిలిన పొద్దంతా నాటకానిదే. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో రిహార్సల్స్ జరిగేవి. ఎనిమిది మందిమి, అందరం గనివాళ్లమే. నాటకాలు రాసి ఆడించే పెద్దమనిషి ఒకప్పుడు ఆ టబ్బులను తాడుతో లాగే హాలర్ యంత్రం నడిపి రిటైరైనవాడు. అందరం ఆయన్ని కాకా అని పిలిచేవాళ్లం.

తెలంగాణ రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లున్న రోజులు. ఆ ఏడు మా హాల్లో నాటక పోటీలు పెట్టారు. మార్కులు వెయ్యడానికి వచ్చినవాళ్లలో ఒకాయన హైదరాబాదు మనిషి. టీవీ సీరియళ్లకు నటుల్ని వెతికి పెట్టడం ఆయన పని. మా నాటకం అయిపోయాక తెర వెనక్కి వచ్చాడు. నేను కొబ్బరి నూనెతో మీసం బంక తుడుచుకుంటూ, మూడో రంగంలో లైటు ముందే ఆర్పేశారని కాకాతో చెబుతున్నాను. ఆయన గోడకానుకుని కాసేపు మమ్మల్నే చూశాడు.

"నాటకంలో కంటే ఇప్పుడే బాగున్నారు మీరు" అన్నాడు.

నవ్వాను.

"మీ ఫొటోలు పంపండి. నాటకాలవి వద్దు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలబడి నిలువుగా ఒకటి. మేకప్ వద్దు. తెచ్చిపెట్టుకున్న నవ్వు వద్దు. మీరు ఎలా ఉంటారో అలా ఉండాలి, అంతే."

కాగితం ముక్క మీద అడ్రసు రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మిషను తొక్కుతూనే అంతా విని, లేచి రేకు పెట్టె దించింది. వేషం లేని ఫొటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇద్దరం నేల మీద పరుచుకుని వెతికాం. పెళ్లిది ఒకటుంది. ఫ్లాషు వెలుగుకు అందులో నేను కళ్లు మూసుకున్నాను. చివరికి కంపెనీ గుర్తింపు కార్డు తీశాను. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గొర్రెను ఎత్కపోతుంటె దొరికినోని లెక్కున్నవ్" అంది.

కొత్తవి తీయించుకోవడం తప్ప దారి లేదని తేలింది.

చౌరస్తా వెనక సందులో ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కెమెరా పెట్టుకుని స్థిరపడ్డాడట. ఈయన పుట్టిందీ పెరిగిందీ గోదావరిఖనిలోనే అయినా మాట మాత్రం వాళ్ల నాన్న ఊరి మాటే. మా కాలనీలో పెళ్లిళ్లకీ, పింఛను కాగితాలకీ అందరికీ ఆయనే. మొదటిసారి నేను ఒక్కణ్ణే వెళ్లాను. బామ్మర్ది పెళ్లికి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాను. ఆయన నన్ను జలపాతం బొమ్మ గీసిన తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, ముఖానికి పౌడరు అద్దాడు.

"గడ్డం కొంచెం పైకండీ. ఇంకొంచెం. ఎడమ భుజం దించండి. ఆఁ, నవ్వండి. చాలు."

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. రెండు రోజుల తర్వాత కవరు తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

"గీనె ఎవలు?"

"నేనే."

"నువ్వైతె చెంప మీద మచ్చ ఏది?"

గనిలో చర్మం తెగి, ఆ గాయంలో బొగ్గు పొడి ఉండిపోయి మానితే నీలి గీత ఒకటి నిలిచిపోతుంది. నాకు కుడి చెంప ఎముక మీద బియ్యపు గింజంత ఉంది. ఫొటోలో అది లేదు. ముఖం పాలు పోసి కడిగినట్టుంది. పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి.

"కంప్యూటర్ల తీసేసిండట" అన్నాను.

"గా కంప్యూటరు మనకిస్తే నీ గురక గూడ తీపిద్దుము" అంది. అంతటితో ఊరుకోలేదు. ఫొటోను నా ముఖం పక్కన పెట్టి, ఇటు చూసి అటు చూసింది. "ఇది పంపితె హైదరాబాదాయన గీనెను రమ్మంటడు. అప్పుడు పోయేదెవలు?"

కవరు రేకు పెట్టెలో అడుగున పడేశాం.

సంగతి కాకాకు చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు. హాల్లో నన్ను కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పాడు. "ఒక ఫొటోల కోపం ఉండాలె. ఒకదాంట్ల దుఃఖం. ఇంకొకదాంట్ల కొంచెం హాస్యం. చూసినోనికి, అరే, వీడు ఏదైన చేస్తడురా అనిపియ్యాలె. ఉత్త మొఖం ఎవనికి గావాలె?"

నాకూ నిజమే అనిపించింది. పద్నాలుగేళ్లుగా ఆయన చెప్పినట్టు చేసే నాలుగు చప్పట్లు సంపాదించుకున్నాను. ఆ వారమంతా బాత్రూం తలుపేసుకుని, మేకుకు తగిలించిన చిన్న అద్దంలో చూసుకుంటూ కోపం, దుఃఖం సాధన చేశాను. అద్దం చిన్నది కావడంతో కళ్లు కనిపిస్తే నోరు కనిపించేది కాదు. ఒకరోజు బయటి నుంచి మా ఆవిడ తలుపు తట్టింది.

"పన్ను నొస్తుందా? లవంగం ఇయ్యనా?"

తలుపు తీసి ఫొటోల కోసమని చెప్పాను. ఏదీ, కోపం చూపించమంది. చూపించాను. దుఃఖం చూపించమంది. అదీ చూపించాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో.

"స్టేజి మీద దూరం నుంచి చూస్తరు గనుక అది సరే. ఇంత దగ్గర నుంచి చూస్తే భయమైతాంది. గాయన ఏమన్నడు నీతోని? ఎట్లున్నవో అట్లుండమన్నడు గద. నువ్వు ఎట్లుంటవో నీకెట్ల ఎరుక? నాకెరుక. స్టూడియోకు నేను గూడ వస్త."

ఆ రోజు నుంచి ఆ పని ఆమె చేతిలోకి వెళ్లింది. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు వస్తే ఆమె టేపు తియ్యకముందే మనిషిని చూపుతో కొలిచేది. నన్నూ అలాగే చూడటం మొదలుపెట్టింది. అన్నం తింటుంటే, పేపరు చదువుతుంటే తలెత్తి చూసి, మళ్లీ సూదిలో దారం ఎక్కించుకునేది. తెల్ల చొక్కా వద్దంది. నల్లటి మనిషికి తెల్ల చొక్కా వేస్తే చూపంతా చొక్కా మీదికే పోతుందని ఆమె మాట. కాఫీ రంగు చొక్కా ఒకటి తీసింది. దాని కాలరు వెలిసిపోయి ఉంటే విప్పి, తిరగేసి కుట్టింది. క్షవరం పది రోజుల ముందే చేయించుకోమంది. "కొత్తగ కటింగ్ చేపిచ్చుకున్న నాడు నువ్వు బడికి పోయే పిలగాని తీరుగుంటవ్." గడ్డం గురించి అడిగితే తిరిగి నన్నే అడిగింది.

"రోజు గీకుతవా?"

"దినం తప్పి దినం."

"మరి రెండోనాటి గడ్డంతోనే దిగు."

ఇవన్నీ కుదిరాయి. కళ్ల దగ్గరే చిక్కొచ్చింది. బొగ్గు నింపేవాళ్ల కనురెప్పల అంచున నల్లటి గీత పడుతుంది. ఎంత స్నానం చేసినా పోదు. కొత్తవాళ్లు చూస్తే కాటుక పెట్టుకున్నామనుకుంటారు. మేకప్ వద్దని ఆయన అంత గట్టిగా చెప్పాడు కదా, ఈ గీత చూసి కాటుక అనుకుంటాడేమోనని నాకు బెంగ పట్టుకుంది. మూడు రోజులు లీవు పెట్టాను. మా ఆవిడ ఎండలో పీట వేసి నన్ను కూర్చోబెట్టి, పాత నూలు చీర ముక్కను కొబ్బరి నూనెలో ముంచి రెప్పలు మెల్లగా తుడిచేది. రెండో రోజుకు సగం తగ్గింది. నాకు ఓపిక చాలలేదు. మూడో రోజు పొద్దున, ఆమె నల్లా దగ్గరికి వెళ్లినప్పుడు, సబ్బు పెట్టి గట్టిగా రుద్దాను.

గంటలో రెండు కళ్లూ మిరపపండ్లయ్యాయి. నీళ్లు ఆగవు. దవాఖానకు పోతే డాక్టరమ్మ చుక్కల మందు వేసి, ఏం చేశావని అడిగింది. నేను నసుగుతుంటే మా ఆవిడే చెప్పింది. "ఫొటో దిగుతడట మేడం. కండ్లకు సబ్బు పెట్టిండు." డాక్టరమ్మ ఇంకో రెండు రోజులు గనిలోకి దిగవద్దని రాసిచ్చింది.

తిరిగొచ్చి షేర్ ఆటో దిగాక మా ఆవిడ ఒక్క మాట అంది.

"ఇరవై ఏండ్ల సంది ఉన్నది గా గీత. ఉండనియ్యి. నువ్వు ఏం పని చేస్తవో అడిగితె చెప్తవా, దాస్తవా?"

"చెప్త."

"గింకేంది మరి."

డ్యూటీకి వెళ్లేసరికి కథ అప్పటికే చేరింది. టబ్బుల దగ్గర ఎవడో "హీరో వస్తున్నడు, జరుగుండ్రి" అన్నాడు. వారం రోజులు ఆ మాటే నడిచింది. వారంలో రెప్పల గీత కూడా ఎప్పటిలా తిరిగొచ్చింది.

తర్వాతి ఆదివారం పొద్దున పది గంటలకు ఇద్దరం స్టూడియోకు వెళ్లాం. ఫొటోగ్రాఫరు మా ఆవిడను చూసి మర్యాదగా బయటి బెంచీ చూపించాడు.

"మీరక్కడ కూర్చోండమ్మా. పది నిమిషాల్లో పంపించేస్తాను."

"నేను లోపటనే కూసుంట సార్. మాట్లాడ."

ఆయనకు నచ్చలేదు గానీ కాదనలేకపోయాడు. పౌడరు డబ్బా తీశాడు. మా ఆవిడ వద్దంది. జలపాతం తెర దించబోయాడు. "మేము జలపాతం కాడ ఎన్నడు లేము సార్" అంది. ఆయన చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. మెల్లగా నవ్వాడు.

"అయితే ఎక్కడ తియ్యమంటారమ్మా?"

"తెర లేకుంటె ఏమైతది?"

తెర పైకి చుట్టేస్తే వెనక గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. ఆయన కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. లోపలికి పోయి బూడిద రంగు దుప్పటి ఒకటి తెచ్చి గోడకు కట్టాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, పక్క తలుపు గడియ తీశాడు. అది చాలా ఏళ్లుగా తియ్యనట్టుంది, భుజంతో నెట్టాల్సి వచ్చింది. పగటి వెలుగు నేల మీదుగా లోపలికొచ్చింది. పెద్ద లైట్లు ఆర్పేశాడు.

"కరెంటు లేనప్పుడు మా నాన్నగారు ఇలాగే తీసేవారండీ" అన్నాడు. ఆయన మాటలో వేగం తగ్గింది. పని మీద ఆసక్తి పుట్టినట్టు అనిపించింది నాకు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోగానే ఒళ్లు కర్రలా బిగుసుకుంది. వెయ్యి మంది ముందు ఏడ్చినవాణ్ణి, ఇద్దరి ముందు ఊరికే కూర్చోలేకపోయాను. పైగా నా తల కొంచెం ఎడమకు వాలుతుంది. గనిలో కూలే ముందు పైకప్పు చేసే సడి వినడానికి అలా ఒక చెవి పైకి పెట్టి పెట్టి, బయట కూడా అదే అలవాటైంది. ఆయన మూడుసార్లు వచ్చి తల నిటారుగా పెట్టాడు. మూడుసార్లూ నాకు తెలియకుండానే వాలింది. పదిహేను ఫొటోలు తీశాడు. ఈ మధ్యే కొన్న డిజిటల్ కెమెరా కావడంతో వెనక చిన్న అద్దంలో చూపించాడు. గొర్రెల దొంగ తిరిగొచ్చాడు, ఈసారి పగటి వెలుగులో.

"ఏదో తేడాగా ఉందండీ" అన్నాడు ఆయన. నెపం నా మీద వెయ్యలేదు.

మాట్లాడనని మాటిచ్చిన మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"పొద్దుగాల నల్లా బంద్ చేసినవా?"

"చేసిన."

"పెద్ద బకిట నిండిందా?"

"సగమే నిండింది. నీళ్లు సన్నగ వచ్చినయి."

కెమెరా చప్పుడైంది. ఫొటోగ్రాఫరు మా ఆవిడ వైపు చూడకుండానే, "మాట్లాడండమ్మా, మాట్లాడుతూనే ఉండండి" అన్నాడు.

ఆమె గ్యాసు బండ గురించి మాట్లాడింది. పక్క క్వార్టరు వాళ్ల కోడిపుంజు మా గోడ దూకుతోందని చెప్పింది. నేను ఊఁ కొడుతున్నాను, జవాబు చెబుతున్నాను. అయినా మనసులో ఒక మూల ఫొటో గుర్తుంటూనే ఉంది. ఆమె కనిపెట్టింది. గొంతు మార్చకుండా అడిగింది.

"నన్ను నువ్వు మొదలు ఎక్కడ చూసినవ్?"

"మీ ఇంట్ల. పిల్లను చూడొచ్చిన నాడు."

"కాదు."

"కాకపోతె ఎక్కడ?"

ఆమెది కమాన్‌పూర్ దగ్గర పల్లె. పెళ్లికి ముందు మా ట్రూపు ఆ చుట్టుపక్కల జాతరల్లో ఆడేది. అది నాకు గుర్తే. ఆమె చెప్పింది మాత్రం నేను ఎన్నడూ వినలేదు.

"జాతరల మా ఊళ్లె మీ నాటకం వడ్డది. కొడుకు ఇంట్ల నుంచి ఎల్లగొడితె ఒక ముసలాయన మెట్ల మీద కూసొని చెప్పులు దులుపుకుంటడు సూడు, గది. నేను మస్తు ఏడ్చిన. మా అక్కతోని అన్న, గింత వయసుల గాయన్ను ఊరూరు తిప్పుతున్నరు, వీళ్లకు పాపం తాకదా అని."

నేను నవ్వాను. ఆమె నవ్వకుండా చెబుతూనే ఉంది.

"తెల్లారి మా ఇంటి ముంగట బోరింగు కాడ మీరంత మొఖాలు కడుగుతున్నరు. ముసలాయన ఏం తిన్నడో ఏమొ అని చెంబుల మజ్జిగ పట్టుకొని వచ్చిన. సూస్తె ఆయన లేడు. ఒక పొడుగాయన పండ్లు తోముతున్నడు. తాతేడన్నా అని అడిగిన. పండుకున్నడు అన్నడు. మరి లేచినంక తాతకియ్యి అని చెంబు ఆయన చేతిలనే పెట్టిన."

ఆ మజ్జిగ నాకు గుర్తుంది. కొత్తిమీర వేసి, ఉప్పు కొంచెం ఎక్కువైన మజ్జిగ. ఎవరో ఆడపిల్ల తెచ్చిచ్చిందని గుర్తుంది. ముసలాయన ఎక్కడని అంత ఫికరుగా అడిగితే, ఆయన లేడు, నేనే ఆయన్ని అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్ల ముఖం మాత్రం గుర్తులేదు. పదమూడేళ్లుగా అదే ముఖాన్ని రోజూ చూస్తున్నాను.

"అది నువ్వా?" అన్నాను.

"ఆరు నెలలకు మా ఇంటికి పిల్లను చూడొచ్చినవ్. తల లేపి చూస్తె మజ్జిగ తాగినాయన. తాతకిచ్చినవా లేదా అని గక్కడనే అడుగుదామనుకున్న. మా నాయిన ఉండె."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?"

"నీకు యాదికొస్తదేమొ సూద్దామని. రాలె. పనుల వడి నేను గూడ ఇడిసిపెట్టిన."

నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. ఏమన్నానో, ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఫొటోగ్రాఫరు ఎప్పుడు స్టూలు చుట్టూ తిరిగి పక్కకు వచ్చాడో కూడా చూడలేదు. ఆయన కెమెరా దించి ముఖం తుడుచుకుంటుంటే లోకంలోకి వచ్చాను.

"చాలండీ. అయిపోయింది" అన్నాడు. తర్వాత మా ఆవిడతో, "ఇంతకీ తాతకు ఇచ్చారా అమ్మా, మజ్జిగ?" అని అడిగాడు.

"మొత్తం గీనెనే తాగిండు సార్."

నిలువు ఫొటో గుమ్మంలో నిలబెట్టి రెండు నిమిషాల్లో తీశాడు. దానికి ఎవరికీ కష్టం కాలేదు. కంప్యూటరులో ఏమీ దిద్దవద్దని చెబుదామనుకునే లోపలే ఆయనే అన్నాడు, వీటిని ముట్టుకోనని. సాయంత్రం వరకు ఆగితే అచ్చువేసి ఇస్తానన్నాడు. మేం ఇంటికి పోయి అన్నం తిని మళ్లీ వచ్చాం.

ఆ ఫొటోలు చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన భావం ఇప్పటికీ చెప్పడం కష్టం. మచ్చ ఉంది. రెప్పల గీత ఉంది. ముందు నుంచి తీసినదాంట్లో నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్క నుంచి తీసినదాంట్లో తల ఎడమకు వాలి, ఎవరి మాటో వింటున్నట్టుంది. అందంగా ఉందా అంటే, లేదు. కానీ చౌరస్తాలో పదిమంది నిలబడి ఉంటే, ఊరికి కొత్తవాడు దారి అడగడానికి ఈ మనిషి దగ్గరికే వస్తాడు అనిపించింది. నేను అలాంటివాణ్ణని నాకు తెలియదు. మంచిగా అనిపించింది.

కాకాకు చూపించాను. ఆయన ముందు నిరాశపడ్డాడు. "కోపం లేదు, దుఃఖం లేదు. దేనికిది?" అని తిరిగి ఇచ్చేశాడు. కాసేపటికి మళ్లీ అడిగి తీసుకున్నాడు. కళ్లజోడు పైకి నెట్టి పక్క నుంచి తీసినదాన్ని చాలాసేపు చూశాడు. "ఇట్ల స్టేజి మీద ఎన్నడన్న ఉన్నవారా నువ్వు?" అన్నాడు. తర్వాతి నాటకంలో తండ్రి వేషం తానే వేసుకుని, నాకు పెద్దన్న వేషం ఇచ్చాడు. నెత్తికి జింకు పౌడరు లేకుండా స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫొటోలు పోస్టులో పంపిన నాలుగు నెలలకు ఫోనొచ్చింది. సీరియల్లో టీ కొట్టు మనిషి వేషం, రెండు రోజుల పని. లీవు పెట్టి రామగుండంలో రైలెక్కాను. అక్కడ ఒక పెద్ద షెడ్డులో మా చౌరస్తా కంటే శుభ్రంగా ఒక చౌరస్తా కట్టారు. పాలు నిజమే గానీ పొయ్యి నిజం కాదు. నన్ను ఫొటోలు అడిగినాయన అక్కడే ఉన్నాడు. చేతిలో కాగితాల మధ్య నా పక్క ఫొటో కనిపించింది.

"అందరూ నన్ను చూడండి అన్నట్టు ఫొటోలు పంపుతారు" అన్నాడు. "మీరు ఇందులో ఎవరి మాటో వింటున్నారు. టీ కొట్టువాడికి అదే కావాలి, అందరూ వచ్చి వాడి దగ్గర గోడు చెప్పుకుంటారు. ఇంతకీ ఎవరు మాట్లాడుతున్నారప్పుడు?"

"మా ఇంటామె సార్."

ఆయన తలూపాడు.

మూడు సీన్లు చేశాను. ఎక్కువ భాగం వినడమే. హీరోయిన్ తండ్రిగా వేసినాయన బెంచీ మీద కూర్చుని తన కష్టం చెబుతాడు. నేను గ్లాసు తుడుస్తూ విని, చివర్లో, "పొద్దు పోలేదు సార్, ఇంటికి పోయి మాట్లాడండి" అంటాను. అంతే. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పిలిచారు. ఆపైన టీ కొట్టు కథలో లేకుండా పోయింది. నాకు బాధ కలగలేదు. వచ్చినన్ని రోజులు వచ్చింది. ఆ తర్వాత మా ట్రూపులో ఇంకో ముగ్గురు ఆ స్టూడియోలోనే, పక్క తలుపు తీయించుకుని ఫొటోలు దిగారు. మరీ బిగుసుకుపోయే పెళ్లికొడుకులు వస్తే ఫొటోగ్రాఫరు మా ఆవిడకు కబురు పెట్టడం కూడా రెండుమూడుసార్లు జరిగింది. ఆమె తీరిక ఉంటే వెళ్లేది.

సీరియలు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేది. నా మొదటి సీను వచ్చిన రోజు నాకు మొదటి షిఫ్టు. ఒంటిగంటకు నేను భూమి లోపల ఉన్నాను. మా ఆవిడతో కలిసి మా ఇంట్లో చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లు పదిమంది చేరి చూశారట. డ్యూటీ దిగి నాలుగింటికి ఇంటికొచ్చేసరికి వాళ్లంతా వెళ్లిపోయారు. మా ఆవిడ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, స్టీలు గ్లాసు, భుజం మీదికి ఒక గుడ్డ తీసుకుని నా ముందు నిలబడింది.

"నువ్వు గా బెంచీ మీద కూసున్నాయన. నీ కష్టం చెప్పు" అంది.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు."

బొగ్గు తడిగా ఉందని, టబ్బులు సమయానికి రాలేదని చెప్పాను. ఆమె గ్లాసు తుడుస్తూ వింది. గ్లాసు లోపల ఒకసారి, అంచున ఒకసారి తుడిచి, వెలుగుకు పట్టి చూసి, కింద పెట్టింది. తర్వాత చెయ్యి కొద్దిగా పైకెత్తి నా మాట అంది. "పొద్దు పోలేదు సార్, ఇంటికి పోయి మాట్లాడండి."

చాలా బాగా చేసింది. పద్నాలుగేళ్లు నాటకాలాడినవాణ్ణి, నాకు తెలుస్తుంది. అయినా ఒక మాట అనకుండా ఉండలేకపోయాను.

"నేను చెయ్యి లేపలె."

"లేపినవ్."

"లేపలె. ఆ చేతిల గ్లాసుండె."

"గ్లాసు కింద పెట్టి లేపినవ్. పదిమందిమి చూసినం" అంది. గుడ్డ భుజం మీది నుంచి తీసి నా ఒళ్లో వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.